బడిని విప్పి మరల కట్టుట

1926వ సంవత్సరమున, పల్నాటి కొండల నడుమ కృష్ణవేణి యొరసి ప్రవహించు నాగార్జునకొండ లోయలో, సూరపరాజు వేంకటరామయ్య అను స్థానిక పాఠశాలోపాధ్యాయుడు ఒక ప్రాచీన స్తంభమును చూచి, అది సామాన్యమైన రాయి కాదని గ్రహించి మదరాసు ప్రభుత్వమునకు తెలియజేయగా, శాసన పరిశోధన శాఖలో తెలుగు సహాయకుడుగా నున్న సరస్వతి యచటికి వెళ్లి పరిశీలించుటతో, ఇక్ష్వాకుల రాజధాని యైన విజయపురి శతాబ్దముల విస్మృతి నుండి వెలికి రాసాగెను. పురావస్తు పరిశోధకుడు లాంగ్‌హర్స్ట్ 1927 మొదలు 1931 వరకును, టి. ఎన్. రామచంద్రన్ 1938లోను త్రవ్వించిన ఆ లోయలో స్తూపములు మాత్రమే గాక, భిక్షువులు నివసించి చదువుకొనిన విహారములు పెక్కులు బయల్పడినవి. బోధిశ్రీ అను ఉపాసిక వేయించిన శాసనము, సింహళ దేశపు ఆచార్యుల కొఱకు కట్టించిన చైత్యగృహమును పేర్కొని, కాశ్మీర గాంధార చీనాది దేశముల వారిని ధర్మమున నిలిపిన వారుగా ఆ యాచార్యులను కీర్తించుచున్నది. అనగా ఒక బడిపంతులు కంటబడిన ఆ స్తంభము, దూరదేశములతో సంబంధము గల యొక విద్యాక్షేత్రమునకు ఆనవాలైనది.

ఆ విద్యాక్షేత్రము ఇప్పుడు జలగర్భమున నున్నది. పండిత జవహర్‌లాల్ నెహ్రూ 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేయుటకు ముందే, 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం పర్యవేక్షణమున ఆరంభమైన త్రవ్వకములు 1960 వరకు సాగినవి. లోయ యంతయు మునుగనున్నదని యెఱిగి పనిచేసిన ఆ పరిశోధకులు, బయల్పడిన దానిని లిఖించుటతో తృప్తి నొందక, ముఖ్యములైన కొన్ని కట్టడములను రాతికి రాయి, ఇటుకకు ఇటుక విప్పి, కొన్నిటిని నేడు ద్వీపమై నిలిచిన కొండ పైనను, కొన్నిటిని కుడి గట్టున అనుపు వద్దను మరల నిలిపిరి. విప్పి తెచ్చుటకు వీలు గాని వాటికి నమూనాలు కట్టిరి. అటు పిమ్మట శ్రీశైల జలాశయము నిండుటకు పూర్వము, కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో నుండిన చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయమును, పాపనాశి ఆలయములను విప్పి అలంపురమునకు చేర్చిరి. విప్పి కట్టు విద్య మన నేలకు క్రొత్తది కాదు. అయితే ఆ విద్య యంతయు దేవాలయమునకును, రాజులు కట్టించిన దానికిని పరిమితమైనది. నేను ఈ వ్యాసమున చెప్పబూనినది పల్లెటూరి పాత బడిని గురించి.

జగిత్యాల జిల్లాలో గోదావరి దక్షిణ తీరమున నున్న ఇబ్రహీంపట్నం మండలము మొదలు, మెట్‌పల్లి, కోరుట్లల మీదుగా సిరిసిల్ల వరకు గల ప్రాంతమున, ఊళ్లు కదలుట నిన్నటి మాట. జగిత్యాల జిల్లాలోనే గోదావరిలో పెద్దవాగు కలియు చోట నున్న కోటిలింగాల, శాతవాహన వంశకర్త యగు శ్రీముఖుని నాణెములు దొరకిన స్థలము. ఎల్లంపల్లి జలాశయపు నీరు ఆ పరిసరములను తాకినది. సిరిసిల్ల వైపున మానేటిపై మాన్వాడ వద్ద కట్టిన మధ్యమానేరు జలాశయము నిండినప్పుడు, కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, చీర్లవంచ, చింతలఠాణా మొదలగు ఊళ్లు పాత నేలను విడిచి క్రొత్త కాలనీలకు పోవలసి వచ్చినది. ముంపు గ్రామముల వారు కదలునప్పుడు ఏమి తీసికొని పోవుదురో గమనించిన యెడల, ఈ విషయమున సగము తెలియును: దర్వాజలు, చౌకట్టులు, టేకు దూలములు, వాసములు, గడపరాయి, పగులని పెంకులు. ఇంటిని విప్పగల చోట విప్పి, పనికివచ్చునది బండి కెత్తుట ఈ ప్రాంతపు గృహస్థునకు ఎవ్వరును నేర్పవలసిన పని కాదు. బడి మాత్రము ఎవరి ఇల్లును కాకపోవుట చేత, దానిని ఎవ్వరును విప్పరు.

నీటి ముంపే గాక రోడ్డు వెడల్పు, క్రొత్త గదుల నిర్మాణము కూడ పాత బడిని కదలించు కారణములే. 2022లో తెలంగాణ ప్రభుత్వ మారంభించిన మన ఊరు – మన బడి కార్యక్రమము 26,065 పాఠశాలలను 7,289 కోట్ల రూపాయలతో బాగుచేయ సంకల్పించినది. పిల్లలకు నీరు, మరుగుదొడ్లు, బల్లలు, గట్టి కప్పు కావలెననుట నిర్వివాదము. కాని క్రొత్త గదులకు చోటు చూపుట కొఱకు శిథిలమని పేరు పెట్టి జె.సి.బి.తో కూల్చబడు పాత గది, నిజముగా శిథిలమా, లేక పెంకు జారి నాలుగు వానలకు తడిసిన దృఢమైన కట్టడమా అని పరీక్షించు ఆచారము మనకు లేదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టమునకు నూరేండ్ల వయస్సు లేని కట్టడము కంటికి కానరాదు. 1930 తర్వాత కట్టిన పల్లె బడి, నూరేండ్లు నిండకుండుట చేతనే, వృద్ధత్వమునకు ముందు వచ్చు రక్షణ లేని దశలో నున్నది.

ఈ ప్రాంతపు పాత బడి యనగా ఎట్టిది? ఊరి చావడిలోనో, గుడి మండపమునందో, దొర గడి వసారాలోనో సాగిన ఖాన్గీ (ప్రైవేటు) బడులను విడిచి, బడి కొఱకే కట్టిన దానిని తలచుకొందము. నల్లరాతి పునాదిపై మూరెడు మందమునకు తక్కువ కాని మట్టిగోడలు, లేదా డంగుసున్నముతో కట్టిన ఇటుక గోడలు. ముందు టేకు స్తంభములు నిలిపిన వసారా. దూలములపై వాసములు, వాసములపై గూనపెంకు, తరువాతి కాలపు దయితే బెంగుళూరు పెంకు. గోడలో పలకలు పెట్టుకొను గూళ్లు. సున్నపు పూతపై నల్లరంగు పులిమిన బల్ల. ఇందు బంగారపు పని లేదు, శిల్పము లేదు. అయినను ఈ కట్టడమునకు నేటి కాంక్రీటు గదికి లేని యొక గుణము కలదు. ఇది విప్పుటకు వీలైనది.

ఈ గుణము యొక్క శాస్త్రమును కొంచెము విస్తరముగా చెప్పవలెను. ఏ కట్టడమైనను వస్తువుల కూడిక కాదు, కూడలుల కూడిక. రెండు వస్తువులు కలియు చోట వాటిని పట్టి యుంచునది ఏది, దానిని తిరిగి విడదీయుట సాధ్యమా అన్నదే కట్టడము కదలగలదో లేదో నిర్ణయించును. పాత బడిలో నాలుగు విధముల కూడలులు కలవు. కఱ్ఱకు కఱ్ఱ కలియు చోట, ఒకదాని కొన చెక్కి రెండవదానిలో తొలిచిన రంధ్రమున దూర్చి మేకు కొట్టుదురు; ఆ మేకును వెనుక నుండి తట్టిన కఱ్ఱ గాయపడక వెలికి వచ్చును. పెంకునకు పెంకు బరువు తప్ప వేఱు బంధము లేదు. మట్టిగోడలోని బంధము నీటికి లొంగును. సున్నపు బంధము నిప్పునకు లొంగును. సిమెంటు బంధము దేనికిని లొంగదు.

మట్టి మాట ముందు చూతము. మట్టిలోని బంక రేణువులు కంటికి కానరాని పలుచని రేకులు. వాని నడుమ చేరిన నీటి పొర తడిగా నున్నప్పుడు ఒకదానిపై నొకటి జారనిచ్చును, ఆరినప్పుడు దగ్గరకు లాగి పట్టుకొనును. ఈ పట్టు రసాయనిక పరివర్తనము కాదు. ఎనుబదేండ్ల క్రిందట పెట్టిన గోడను కూల్చి, గడ్డలను చితుకగొట్టి, నీరు పోసి, నానబెట్టి, కాళ్లతో త్రొక్కిన యెడల, అది మరల మొదటి నాటి మట్టి వలెనే పదునెక్కును. అదే మట్టిని ఇటుకగా చేసి ఆవములో కాల్చిన పిమ్మట, రేణువుల నిర్మాణములోనే చేరియున్న నీరు శాశ్వతముగా పోవుట చేత, ఇక నెన్ని యేండ్లు నానబెట్టినను ఇటుక మట్టి కాదు. కావున మట్టిగోడను ముక్కలుగా కోసి మోయుట వ్యర్థ ప్రయత్నము. ఆ గోడకు నొక్కుడును భరించు శక్తి కలదు గాని లాగుడును భరించు శక్తి లేనందున, ఎత్తిన వెంటనే చీలిపోవును. ఇటుక గోడల క్రొత్త ఇండ్లను జాకీలపై నెత్తి జరుపు పద్ధతి ఇటీవల మన ఊళ్లలోను కనబడుచున్నది గాని, మట్టి బడికి అది పనికిరాదు. మట్టి బడి విషయమున తరలించవలసినది గోడ కాదు, గోడ యొక్క మన్ను.

ఆ మన్నును లారీ కెత్తుటకు ముందు పరీక్షింపవలెను. నిలువుపాటి గాజు సీసాలో మూడవ వంతు మట్టి, మిగిలినది నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి, బాగుగా కలియబెట్టి కదలక యుంచిన యెడల, ఇసుక నిమిషములో అడుగంటును, ఒండ్రు కొన్ని గంటలలో దిగును, బంక మరునాటి వరకు తేలుచుండి చివర పైపొరగా నిలుచును. పొరల యెత్తు కొలిచిన, గోడ పెట్టినవారు ఏ పాళ్లలో కలిపిరో తెలియును. నూటికి సుమారు 15 మొదలు 30 పాళ్ల బంక యున్న మట్టి గోడకు అనుకూలము. అంతకు మించిన ఎండి పగులును, తగ్గిన రాలిపోవును. జగిత్యాల ప్రాంతమున ఎఱ్ఱ చల్కయు, నల్ల రేగడియు పక్కపక్కనే దొరకును. రేగడిలోని బంక నీరు త్రాగి ఉబ్బి, ఎండకు ముడుచుకొను జాతిది గనుక దానిని గోడకు కొద్దిగా మాత్రమే వాడి, వరిగడ్డి తుంపులు కలిపి, ఒక వరుస పెట్టి యది ఆరిన పిదప రెండవ వరుస పెట్టుట పూర్వుల మర్యాద. పాత గోడ చీలికలో ఆ వరుసలు స్పష్టముగా కనబడును; వాని యెత్తును కొలిచి వ్రాసికొనిన యెడల, నాటి పనివారు దినమున కెంత పెట్టిరో కూడ ఊహింపవచ్చును.

సున్నము కథ ఇంకను విచిత్రమైనది. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చిన, నూరు పాళ్ల రాయి 44 పాళ్ల బొగ్గుపులుసు వాయువును విడిచి, 56 పాళ్ల కాల్చిన సున్నముగా మిగులును. దానిపై నీరు పోయగా పొగలు గ్రక్కుచు 18 పాళ్ల నీటిని త్రాగి 74 పాళ్ల తడిసున్నమగును. గోడలో చేరిన పిమ్మట ఆ తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చి, నీటిని విడిచి, మరల మొదటి నూరు పాళ్ల సున్నపురాయిగా మారును. ఈ మార్పు గోడ లోపలికి చేరుటకు ఏండ్లు పట్టును. గానుగలో ఎద్దులు రాతిచక్రమును త్రిప్పగా, ఇసుకతోను, ఇటుకపొడితోను నలిగిన డంగుసున్నమున మఱియొక చర్య కూడ జరుగును: కాల్చిన మట్టిలోని ఇసుకసారము సున్నముతో కలిసి, గాలి సోకని తావునను గట్టిపడు పదార్థము నిచ్చును. బెల్లము, కరక్కాయ నానబెట్టిన నీరు కలుపు అలవాటును మూఢాచార మనుటకు వీలులేదు. చక్కెర సున్నమును నీటిలో మఱింత కరగజేయునని రసాయన శాస్త్రము నిరూపించినది.

డంగుసున్నము ఇటుక కంటె మెత్తన. కట్టడము కుంగినప్పుడు పగులు ఇటుకలో గాక సున్నపు సందులో వచ్చును. గోడలోని తేమ సందుల ద్వారా వెలికి పోవును. విప్పునప్పుడు సుత్తి దెబ్బకు సున్నము రాలి ఇటుక చెక్కు చెదరక చేతికి వచ్చును. సిమెంటు దీనికి పూర్తిగా వ్యతిరేకము. అది పాత ఇటుక కంటె కఠినమగుట చేత పగులు ఇటుకలో పుట్టును. తేమను లోపల బంధించుట చేత ఉప్పు ఇటుక లోపలనే పేరుకొని పొరలు పొరలుగా ముఖమును ఊడదీయును. విప్పబోయిన ఇటుక విఱుగును గాని సిమెంటు వదలదు. పాత బడి గోడకు సదుద్దేశముతోనే పూసిన సిమెంటు, ఆ గోడను లోలోపల తినివేయుచున్న దృశ్యము ఏ పల్లెలోనైనను చూడవచ్చును. బాగుచేయుటలో మొదటి పని క్రొత్త పూత పూయుట కాదు, ఆ సిమెంటును ఓర్పుతో ఉలితో తీసివేయుట.

బలమైనది యెల్ల మేలైనది కాదనుటకు ఏథెన్సు నగరపు పార్థెనాన్ మందిరమే సాక్షి. 1898 మొదలు 1933 వరకు నికొలావోస్ బలానోస్ అను ఇంజనీరు ఆ మందిరపు పడిన రాళ్లను తిరిగి నిలుపుచు, వాటిని ఇనుప కమ్ములతో బిగించెను. ప్రాచీన గ్రీకులు కూడ ఇనుము వాడిరి గాని, తేమ తగులకుండ దానిచుట్టు సీసము పోసిరి. బలానోస్ కమ్ములు త్రుప్పు పట్టెను. ఇనుము కంటె త్రుప్పు కొన్ని రెట్లు హెచ్చు చోటు నాక్రమించును గనుక, లోపలి నుండి ఉబ్బి చలువరాతిని పగులగొట్టెను. ఆ పనిని విప్పి, రాతి వలెనే ఎండకు స్వల్పముగా వ్యాకోచించునదియు, త్రుప్పు పట్టనిదియు నగు టైటానియము కమ్ములు వేయుట కొఱకు గ్రీకులు దశాబ్దముల పాటు శ్రమించుచున్నారు. మన బడి వాసమునకు ఇనుప పట్టీ వేయునప్పుడు ఈ ఉదాహరణము గుర్తుండవలెను.

వస్తువులన్నియు చేతికి వచ్చినను బడి వచ్చినట్లు కాదు. సిరిసిల్ల మగ్గముపై నేసిన చీర నుండి పోగులన్నియు లాగి మూట గట్టిన యెడల, ఒక్క పోగైనను పోలేదు, అయినను చీర లేదు. కట్టడమున ఏది దేని ప్రక్క నున్నదో, ఏ వాలున, ఏ లోతున నున్నదో అన్న క్రమమే అసలు సరకు. ఆ క్రమమును లిఖించుటకే విప్పు పనిలో అధిక కాలము వ్యయము కావలెను. నేల మీద కదలని గుర్తు రాళ్లు పాతి, వాని నుండి ప్రతి మూలను టోటల్ స్టేషను యంత్రముతో కొలిచి, ప్రతి గోడను ఎదురుగా నిలువుగా ఛాయాచిత్రములు తీసి, ఒక చిత్రములో సగము రెండవ చిత్రములోను వచ్చునట్లు చూచిన యెడల, కంప్యూటరు వాటిని జతపఱచి గోడ యొక్క మూడు దిక్కుల కొలతలు గల రూపమును తయారుచేయును. నేడు చేతిలోని ఫోనుతో తీసిన చిత్రములును ఈ పనికి చాలును. కాని కొలబద్ద ఒకటి చిత్రమున కనబడవలెను. అటు పిమ్మట ప్రతి దూలమునకు, ప్రతి స్తంభమునకు, ప్రతి గుంజకు గోడ పేరు, వరుస, స్థానము తెలుపు అంకె వేయవలెను. ఆ అంకెను కట్టడము నిలిచిన పిమ్మట కానరాని ముఖముపై వ్రాయుట, ఎండవానలకు చెరగని రంగుతో వ్రాయుట, ఒక్క చోట గాక రెండు చోట్ల వ్రాయుట అవసరము.

వ్రాత కాగితముపై భద్రముగా నున్నను, పని నడుమ ఆగినచో ఏమగునో హనుమకొండలోని వేయిస్తంభాల గుడి కల్యాణమండపము మనకు చూపినది. 1163లో కాకతీయ రుద్రదేవుడు నిర్మింపజేసిన ఆలయమునకు చేరిన ఆ మండపమును, పునాది కుంగుట చేత, ఈ శతాబ్దపు మొదటి దశకమున విప్పిరి. స్తంభములు, దూలములు, కప్పురాళ్లు అంకెలతో ఆవరణమున పరుండి యుండగా ఏండ్లు గడచినవి; తుదకు 2024 మార్చి 8వ తేదీన, మహాశివరాత్రి నాడు, మండపము తిరిగి తెరువబడినది. దెబ్బతిన్న భాగములకు క్రొత్త రాళ్లు చెక్కవలసి వచ్చెను. నల్లరాయి కనుక ఏండ్లు వేచియుండెను. టేకు వాసములు అంతకాలము నేలపై ఆగవు, చెదలు ఆగనీయవు. టేకులోని సహజ తైలము చెదపురుగును దూరముగా నుంచుననుట నిజమే గాని, ఆ గుణము చేవకే యున్నది. చేవను చుట్టియున్న తెల్లకఱ్ఱకు లేదు. కావున విప్పిన కఱ్ఱను నేలకు మూరెడెత్తున దిమ్మెలపై, గాలి ఆడునట్లు సందులు విడిచి, పై కప్పు క్రింద పేర్పవలెను. డబ్బు, స్థలము, పనివారు మూడును సమకూరక ముందు ఒక్క పెంకును తీయరాదనుట నా దృఢమైన అభిప్రాయము.

కాకతీయుల కట్టడముల క్రింద ఇసుక నింపిన పునాది యుండుట ప్రసిద్ధము. లోతైన గుంటలో నీరు పోసి దిట్టముగా కూరిన ఇసుక, చుట్టును కదలక బంధింపబడి యున్నంతకాలము, పై బరువును నలువైపుల సమముగా పంచును. రేగడి నేల యుబ్బి ముడుగునప్పుడు ఆ కదలికను తనలో నణచును. బడిని రేగడి భూమికి తరలింపవలసి వచ్చిన, ఈ యుపాయమును చిన్న మానమున వాడవచ్చును. దీనికి కాకతీయుల వైభవ మక్కరలేదు, గోదావరి ఇసుకయు, దిమ్మెసయు చాలును.

బడి కొఱకే ఇంత శ్రమ పడిన దేశము లేకపోలేదు. జపాను దేశమున మత్సుమోటో పట్టణమునందలి కైచీ పాఠశాలను 1876లో తాతెయిషి సెయిజూ అను వడ్రంగి మేస్త్రి కట్టెను. పాశ్చాత్య భవనములను చూచి వచ్చి, కఱ్ఱకు సున్నపు పూత పూసి రాతి వలె కనబడునట్లు చేసిన ఆ బడిలో తొంబదేండ్ల వరకు పిల్లలు చదివిరి. మెతోబా నది గట్టు పనుల కొఱకు చోటు విడువవలసి వచ్చినప్పుడు, 1963, 1964 సంవత్సరములలో దానిని విప్పి వేఱొక చోట నిలిపి, 1965లో విద్యా ప్రదర్శనశాలగా తెరచిరి. 2019లో ఆ దేశపు ప్రభుత్వము దానిని జాతీయ నిధిగా ప్రకటించినది. రాజప్రాసాదములకును, బౌద్ధాలయములకును ఇచ్చు బిరుదు ఒక ప్రాథమిక పాఠశాలకు దక్కినది. జపానులో కట్టడమును విప్పుట మరమ్మతు మాత్రమే కాదు, పరిశోధన కూడ: పూడ్చిన రంధ్రమును బట్టి పూర్వ మచట కిటికీ యుండెనని, ఒరిపిడి గుర్తును బట్టి తలుపు ఎటు తెరచుకొనెనని తేల్చుదురు. మన బడిలోను గడపరాతి అరుగుదల, గోడలో మూసిన గూడు, దూలముపై వడ్ల మేస్త్రి గీసిన గుర్తు, ఒకదానిపై నొకటి చేరిన సున్నపు పొరలు ఇట్టి చదువదగిన వ్రాతలే. పూతలను చిన్న మెట్లుగా గీకి చూచిన యెడల, పైది తెలుపు, క్రింద నీలి, దాని క్రింద జాజు అని కాలక్రమము తెలియును. వాటిని చదువక ముందే గోడ పడగొట్టుట గ్రంథము తెరువక ముందే తగులబెట్టుట వంటిది.

అయితే 1964లో వెనిస్ నగరమున సంరక్షకులు చేసికొనిన ఒడంబడిక, కట్టడమును తన నేల నుండి వేఱుచేయుట తప్పనిసరి యైనప్పుడే తగునని విధించినది. దానిని నేను సంపూర్ణముగా అంగీకరింతును. రోడ్డును రెండు గజములు వంచి బడిని నిలుపగలిగిన, వంచుటే మేలు. తప్పనిసరి యైనప్పుడు నేలను గాక నేలతో బడికి గల సంబంధములను తరలింపవలెను. వానిలో ముఖ్యమైనది దిక్కు. ఇబ్రహీంపట్నం సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది గనుక, సూర్యుడు మే నెల నడుమను, జూలై చివరను నడినెత్తిన వచ్చును. ఆ నడుమ కొన్ని వారములు మధ్యాహ్నపు ఎండ ఉత్తరము నుండి పడును. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున 47 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. చూరు ఎంత ముందుకు వ్రాలవలెనో, వసారా ఎటు ఉండవలెనో పాత మేస్త్రి ఈ లెక్కను కాగితముపై వేయకున్నను అనుభవముతో నెఱుగును. మూరెడు మందమునకు మించిన మట్టిగోడ పగటి వేడిని ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు ఆలస్యముగా లోపలికి పంపుట చేత, ఎండ మండు మధ్యాహ్నమున గది చల్లగా నుండి, వేడి లోనికి చేరు వేళకు పిల్లలు ఇండ్లకు పోయి యుందురు. రాత్రి నిద్రించు ఇంటికి ఇది లోపమే కావచ్చును గాని పగటి బడికి ఇంతకంటె అనువైన గోడ లేదు. బడిని క్రొత్త చోట తొంబది డిగ్రీలు త్రిప్పి నిలిపిన యెడల, నైరృతి వాన నేరుగా మట్టిగోడను కొట్టును, పడమటి ఎండ నల్లబల్లపై పడి అక్షరములు కానరావు.

పోయిన భాగములకు బదులు వేయునప్పుడు అదే ఒడంబడిక మఱియొక నియమమును విధించినది: క్రొత్తది పాతదానితో కలిసిపోవలెను, అయినను పరీక్షించి చూచువానికి వేఱుగా తెలియవలెను. చెదలు తిన్న స్తంభపు పాదమును మాత్రము కోసి, క్రొత్త టేకు ముక్కను అతికి, దానిపై సంవత్సరము చెక్కుట ఇందులకు చాలును. స్తంభమంతయు మార్చుట సులువు. కాని బడికి ఆనుకొని నిలిచిన తరముల భుజముల నునుపు ఆ పాత కఱ్ఱలోనే యున్నది.

పని కాలమును గూర్చి ఒక మాట. పెంకు దించుట సంక్రాంతి తర్వాత మొదలుపెట్టిన, గోడలు విప్పి, మన్ను తరలించి, పునాది వేసి, హోళీ నాటికి గోడలు పెట్ట నారంభింపవచ్చును. మట్టి వరుసలకు ఎండ కావలెను గనుక హోళీ తర్వాతి నెలలు అనుకూలములు. కప్పు మాత్రము మృగశిర కార్తె లోపల పడి తీరవలెను. సున్నపు పూతను ఆ వేసవిలో తొందరపడి పూయుట తగదు. వేగిరముగా ఎండిన సున్నము గాలి వాయువును పీల్చుటకు కావలసిన తేమను కోల్పోయి పిండివలె రాలును. గోడ ఒక వానకాలము గడిపి కుదురుకొనిన పిమ్మట, చలి మొదలగు దినములలో, తడి గోనెలు కప్పి పూయుట ఉత్తమము. ఆ మొదటి వానకాలమున గోడలలో సన్నని బీటలు కనబడుట సహజము. ప్రతి బీటకును అడ్డముగా సన్నని సున్నపు పట్టీ అతికి, దానిపై తేదీ వ్రాసి, అది మరల పగిలినదా లేదా అని కార్తికము వరకు కనిపెట్టవలెను. పగిలిన యెడల పునాది ఇంకను కదలుచున్నదని తెలిసి దానిని చూచుకొందురు. పగులకున్న బీటను మట్టితో నింపి పూతకు సిద్ధపడుదురు. పట్టీలను వారమున కొకమారు చూచి, తేదీతో నోటుపుస్తకమున వ్రాయు పనిని అయిదవ తరగతి పిల్లలకు అప్పగింపవచ్చును. కొలబద్ద పట్టుకొని మిల్లీమీటరు చదువుట ఆ తరగతి లెక్కల పాఠములో నున్నదే.